ఇంట్లో వాఫిల్స్: మేకర్ కొనడం దగ్గర్నుంచి ప్లేట్లు తుడవడం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

వాఫిల్ మేకర్, అదే రెండు గళ్ల ప్లేట్ల మధ్య పిండి పోసి కాల్చే కరెంటు మెషిన్, కొన్నప్పటి నుంచి మా చుట్టాల్లో నేనేదో వాఫిల్ హెల్ప్‌లైన్‌ని అయిపోయాను. పండక్కి ఊరెళ్తే పిన్ని, ఆఫీసులో పక్క సీటు అమ్మాయి, కింది ఫ్లాట్ ఆంటీ, అందరివీ ఇంచుమించు అవే సందేహాలు. ఏది కొనాలి, ఎందుకు అంటుకుపోతోంది, బయట తిన్నట్టు కరకరలాడట్లేదేంటి. చెప్పీ చెప్పీ విసుగొచ్చి అన్నీ ఒక్కచోట రాసేశాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని అక్కడే చదువుకోండి. వాఫిల్ బాగా రావడం, రాకపోవడం అన్నది చాలావరకు పిండిలోని తేమ ఆవిరై బయటికి పోయిందా లేదా అన్నదాని మీదే ఉంటుంది, అందుకే కింద ఆవిరి మాట పదే పదే వస్తుంది, విసుక్కోకండి.

## కొనే ముందు

మా ఇంట్లో శాండ్‌విచ్ టోస్టర్ ఉంది, అందులో వేస్తే రాదా? విడిగా మళ్లీ ఇంకోటి కొనాలా?

టోస్టర్‌లో పోస్తే పిండి ఉడుకుతుంది, తినడానికీ బాగానే ఉంటుంది, కాకపోతే అది వాఫిల్ కాదు, మూడు మూలల కేకు. వాఫిల్‌కి ఆ గళ్లే ప్రాణం. గళ్ల వల్ల వేడి తగిలే చోటు పెరుగుతుంది, పైన పెచ్చు ఎక్కువ వస్తుంది, లోపల మెత్తన తక్కువ ఉంటుంది. ప్లేట్లు మార్చుకునే త్రీ ఇన్ వన్ రకం మీ దగ్గర ఉంటే అందులో వాఫిల్ ప్లేట్ ఉందేమో చూడండి, నెలకోసారి పిల్లలు అడిగితే చేసేవాళ్లకి అది చాలు. వాటిలో గళ్ల లోతు తక్కువ, ప్లేటు పలచన, అందుకని వాఫిల్ కాస్త సన్నగా వస్తుంది. వారం వారం చేసుకునే ఇల్లయితే విడిగా కొనుక్కోవడమే మంచిది.

ఎన్ని వాట్లది తీసుకోవాలి?

ఒకేసారి ఒకటి రెండు వాఫిల్స్ వేసే చిన్నదానికి 750 వాట్లు సరిపోతాయి. నాలుగు పలకలది, లోతు గళ్లది అయితే 1000 వాట్లకు తగ్గకుండా చూసుకోండి. ఎందుకంటే చల్లటి పిండి పోయగానే ప్లేటు వేడి ఒక్కసారిగా పడిపోతుంది, తక్కువ వాట్ల మెషిన్ మళ్లీ వేడెక్కేసరికి పిండి కాలడం మానేసి ఆవిరి మీద ఉడుకుతుంది, అంటే ఇడ్లీ అయిపోతుందన్నమాట. దుకాణంలో వాట్లతో పాటు బరువు కూడా చేత్తో పట్టి చూడండి. బరువున్న ప్లేటు వేడిని పట్టి ఉంచుతుంది, మన పాత ఇనప పెనం లాగా. బొత్తిగా తేలిగ్గా, అట్టపెట్టెలా అనిపిస్తే వదిలేయండి.

బెల్జియన్ వాఫిల్ అని రాసుంటుంది కదా, మామూలుదానికీ దానికీ తేడా ఏంటి?

మెషిన్ల విషయంలో బెల్జియన్ అంటే గళ్లు లోతుగా, పెద్దగా ఉండి వాఫిల్ మందంగా వస్తుందని అర్థం, అంతే. మామూలుది పలచగా, చిన్న గళ్లతో ఉంటుంది. విడ్డూరం ఏంటంటే బెల్జియంలో బెల్జియన్ వాఫిల్ అనే ఒక్క రకం లేదు. బ్రసెల్స్ వాఫిల్ అని పొడవు చదరంగా, తేలిగ్గా ఉండేది ఒకటి, లియేజ్ వాఫిల్ అని ముద్దలాంటి పిండిలో పంచదార పలుకులు కలిపి కాల్చేది ఇంకొకటి. 1964-65లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బ్రసెల్స్ నుంచి వెళ్లిన వెర్మెర్ష్ కుటుంబం స్ట్రాబెర్రీలు, క్రీము పెట్టి అమ్మాక అమెరికాలో ఆ పేరు బాగా పాకిపోయింది, అక్కణ్నుంచి మన మాల్స్ దాకా వచ్చింది. ఏది కొనాలంటారా, కరకర ఇష్టమైతే పలచది, ఐస్‌క్రీమ్, పాకం గళ్లలో నింపుకుని తినడం ఇష్టమైతే లోతుది. హృదయాకారంలో వచ్చేవి నార్వే వైపు వాడుక, అవి మెత్తగా ఉంటాయి, ఫోటోకి బాగుంటాయి.

తలకిందులుగా తిప్పే రకం కొంటే బాగా వస్తాయంటున్నారు, నిజమేనా?

తిప్పితే పిండి పై ప్లేటుకి కూడా వెంటనే తాకుతుంది, అందుకని రెండు వైపులా ఒకేలా కాలుతుంది. లోతు గళ్ల మెషిన్‌కి అది ఉపయోగమే. పలచ వాఫిల్‌కి మాత్రం దండగ, పిండి పొంగి ఎలాగూ పైకి తాకుతుంది. పైగా వంటగదిలో స్థలం తింటుంది.

ప్లేట్లు ఊడొచ్చేది తీసుకోవాలా, ఫిక్స్‌డ్ రకమా?

కడగడం ఒక్కటే చూస్తే ఊడొచ్చేది నయం. కానీ చౌక రకాల్లో ప్లేటుకీ కింద కాయిల్‌కీ మధ్య ఖాళీ ఉండి వేడి సరిగ్గా అందదు, క్లిప్పులు వదులైపోతాయి. మంచి కంపెనీది, కాస్త ఖరీదు పెట్టగలిగితే ఊడొచ్చేది, తక్కువ బడ్జెట్ అయితే ఫిక్స్‌డ్ తీసుకోండి. నా మొదటిది బాగా తక్కువ ధరకి వచ్చిందని ఎగిరి గంతేసి కొన్నాను, నాలుగు నెలలకే గళ్ల అంచుల దగ్గర నల్ల పూత లేచిపోవడం మొదలైంది, గ్యారంటీ అడిగితే పూతకి వర్తించదన్నారు. అందుకే బిల్లు కట్టే ముందే ఆ సంగతి అడగండి.

నాన్‌స్టిక్ పూత ఆరోగ్యానికి మంచిది కాదంటారు, భయపడాలా?

మామూలు వాడకంలో టెన్షన్ అక్కర్లేదు. ఆ పూత పాడైపోయి పొగలు వదిలేది దాదాపు 260 డిగ్రీలు దాటాక. వాఫిల్ మేకర్ సాధారణంగా 180 నుంచి 220 మధ్యే నడుస్తుంది. కాకపోతే ఖాళీగా ఆన్ చేసి మర్చిపోకండి. ఇంట్లో చిలకలు, లవ్‌బర్డ్స్ పెంచుకునేవాళ్లు మరీ జాగ్రత్త, పూత మితిమీరి కాలితే వచ్చే పొగకి మనకన్నా ముందు పక్షులు చచ్చిపోతాయి, పంజరం వంటగదికి దూరంగా పెట్టండి. పూత పొరలు పొరలుగా లేచిపోయిన మెషిన్‌ని మాత్రం మోజు చంపుకుని పక్కన పడేయాల్సిందే.

మా తమ్ముడు అమెరికా నుంచి వస్తున్నాడు, అక్కడ చవగ్గా మంచివి ఉంటాయట, తెమ్మనమంటారా?

వద్దు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనకి 230. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు, ప్లగ్గు ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది. 120 వోల్టుల కాయిల్‌కి 230 ఇస్తే వేడి రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. మా పెద్దమ్మ వాళ్లింట్లో ఇలాగే డాలస్ నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చినది ఒక్క నిమిషంలో టప్‌మని పోయింది, వాఫిల్ మొహం కూడా చూడలేదు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ వెయ్యి వాట్లకు పైన మోసేది ఇటుకలంత బరువు, దాని ఖరీదుతో ఇక్కడే మంచి మేకర్ వస్తుంది. ఇక్కణ్నుంచి అక్కడికి పట్టుకెళ్లినా లాభం లేదు, దాదాపు నాలుగోవంతు వేడే వస్తుంది.

కరెంటు ఎక్కువ లాగుతుందా? ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

బిల్లు గురించి బెంగ వద్దు. 750 వాట్లది అరగంట ఆపకుండా నడిచినా అర యూనిట్ కూడా కాదు. మామూలు 6 ఆంప్స్ సాకెట్ చాలు, 1200 వాట్లది కూడా 5 ఆంప్స్ పైచిలుకే లాగుతుంది, కానీ అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కెటిల్, మిక్సీ కలిపి పెట్టకండి. ఇన్వర్టర్ మాత్రం వద్దు. ఇళ్లలో ఉండే 850, 900 వీఏ ఇన్వర్టర్‌కి ఫ్యాన్లు, లైట్లతో పాటు ఇది కూడా తగిలిస్తే ఓవర్‌లోడ్ అని కూత పెట్టి ఆగిపోతుంది.

గ్యాస్ స్టవ్ మీద పెట్టుకునే వాఫిల్ అచ్చు ఎలా ఉంటుంది?

కరెంటు లేని కాలంలో అందరూ అలాగే చేసుకున్నారు. బాగా వస్తాయి, నాకైతే రుచి కూడా ఇందులోదే ఇష్టం, కానీ చేతికి అలవాటు కావాలి. థర్మోస్టాట్ ఉండదు కాబట్టి సెగ మీరే చూసుకోవాలి, నిమిషంన్నరకోసారి తిప్పాలి. ఖాళీ అచ్చుని రెండు వైపులా మధ్యస్థంగా కాల్చి, నూనె రాసి, అప్పుడు పిండి పోయండి. మొదటి రెండూ మాడతాయి, మూడోదానికి అదును తెలుస్తుంది. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లకి అల్యూమినియం అచ్చు పని చేయదు.

## తెచ్చిన రోజు

కొత్త మేకర్ ఆన్ చేయగానే వాసన, పొగ వస్తున్నాయి, పాడైందా?

పాడవలేదు. తయారీలో మిగిలిన నూనె, పూత కాలుతున్న వాసన అది. తడిగుడ్డతో ప్లేట్లు తుడిచి, ఆరాక, కిటికీ తెరిచి పది నిమిషాలు ఖాళీగా వేడి చేయండి. చల్లారాక మళ్లీ తుడిచి, దూదితో పలచగా నూనె రాసి, ఒక వాఫిల్ కాల్చి అది పారేయండి. రెండోదాన్నుంచి తినొచ్చు. వాసన నాలుగైదుసార్లు వాడినా పోకపోతే, లేదా ప్లాస్టిక్ కరుగుతున్న వాసనైతే మాత్రం వెనక్కి ఇచ్చేయండి.

ఆకుపచ్చ లైటు వెలిగింది, పిండి పోసేయొచ్చా?

ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఆగండి. ఆ లైటు థర్మోస్టాట్ దగ్గర వేడి అందిందని చెబుతుంది గానీ ప్లేటంతా సమంగా కాలిందని కాదు. లైటు ఒకసారి వెలిగి ఆరి మళ్లీ వెలిగేదాకా ఆగితే మేలు. గులాబీ పువ్వులు వండినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, అచ్చు నూనెలో బాగా కాలకుండా పిండిలో ముంచితే పువ్వు ఊడి రాదు కదా, ఇదీ అదే. నీళ్ల చుక్క చిలకరిస్తే చుయ్‌మని వెంటనే ఎగిరిపోవాలి. ఇంకో సంగతి, వాఫిల్ కాలుతుండగా కూడా ఆ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, అది వెలిగిందని వాఫిల్ అయిపోయిందనుకుని తెరవకండి.

## పిండి కలిపేటప్పుడు

ఎప్పుడూ కుదిరే కొలతలు చెప్పండి, గుడ్డుతో.

మైదా ఒక కప్పు, అంటే 125 గ్రాములు. కార్న్‌ఫ్లోర్ రెండు టేబుల్ స్పూన్లు, పంచదార ఒకటిన్నర టేబుల్ స్పూన్, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్, ఉప్పు పావు టీస్పూన్. ఇవి ఒక గిన్నెలో. ఇంకో గిన్నెలో గుడ్డు ఒకటి, పాలు 200 మి.లీ., నూనె పావు కప్పు, వెనిలా అర టీస్పూన్. తడివి పొడివాటిలో పోసి పది పదిహేను సార్లు కలిపి ఆపేయండి. పది నిమిషాలు పక్కన పెట్టండి. పిండి ఇడ్లీ పిండికన్నా కాస్త జారుగా, గరిటె ఎత్తితే తాడులా కాకుండా ముద్దగా జారాలి. మూడు నాలుగు వాఫిల్స్ వస్తాయి. ఓపికుంటే గుడ్డులో తెల్లసొన విడదీసి నురగ వచ్చేదాకా గిలక్కొట్టి చివర్లో మెల్లగా కలపండి, ఇంకా తేలిగ్గా వస్తాయి. నేను చుట్టాలొస్తేనే చేస్తాను.

కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి మెత్తటి గంజిపొడి, పసుపుపచ్చ మొక్కజొన్న పిండి కాదు. మా అత్తగారు ఒకసారి రెండోది వేశారు, రుచి బాగుంది గానీ ఇసక నమిలినట్టుంది.

గుడ్డు తినం, లేకుండా వస్తాయా?

హాయిగా వస్తాయి. మైదా ఒక కప్పు, కార్న్‌ఫ్లోర్ రెండు టేబుల్ స్పూన్లు, పంచదార ఒకటిన్నర టేబుల్ స్పూన్, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, వంట సోడా పావు టీస్పూన్, ఉప్పు చిటికెడు. పెరుగు అర కప్పు, పాలు అర కప్పు, నూనె పావు కప్పు. పెరుగులో పులుపు, సోడా కలిసి గాలి బుడగలు పుట్టిస్తాయి, గుడ్డు చేసే పొంగు పని అవి చేస్తాయి. అందుకే కమ్మటి కొత్త పెరుగు కాదు, కాస్త పులిసింది వాడండి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, పావు టీస్పూన్ అంటే గీసి కొలిచిన పావే. గుడ్డు లేనివి తెరిచేటప్పుడు విరిగే అవకాశం కాస్త ఎక్కువ, ఒక నిమిషం అదనంగా కాలనివ్వండి.

మైదా మానేసి గోధుమ పిండి, రాగి పిండితో చేయొచ్చా?

చేయొచ్చు, మైదా వాఫిల్ రుచి మాత్రం ఆశించకండి. చపాతీ పిండి నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, కప్పుకి రెండు మూడు స్పూన్ల పాలు ఎక్కువ పోసి పావుగంట నాననివ్వండి. సగం మైదా, సగం గోధుమ నాకు నచ్చిన పాళ్లు. రాగి పిండి నాలుగోవంతుకి మించితే పిండి పట్టు తప్పి వాఫిల్ పొడిపొడిగా విరుగుతుంది. కార్న్‌ఫ్లోర్ బదులు రెండు స్పూన్ల బియ్యప్పిండి వేస్తే కరకర ఇంకా గట్టిగా, చెక్కల్లా ఉంటుంది, అది మా ఇంట్లో అందరికీ నచ్చింది.

ఎంత కలిపినా ఉండలు పోవట్లేదు, మిక్సీలో వేయనా?

వద్దే వద్దు. చిన్న ఉండలు కాలేటప్పుడు అవే కరిగిపోతాయి. మైదాని ఎక్కువ కలిపినకొద్దీ జిగురు సాగుతుంది, వాఫిల్ రబ్బరు చెప్పులా వస్తుంది. మనకి దోసె పిండి నునుపుగా కలిపే అలవాటు కదా, చెయ్యి ఆగదు, కానీ ఇక్కడ ఆపాలి. పొడి పిండి కనపడకపోతే చాలు.

నూనె, వెన్న, నెయ్యి, ఏది మంచిది?

కరకరకి నూనె. వెన్నలో ఆరోవంతు దాకా నీరే ఉంటుంది, ఆ నీరు కూడా ఆవిరై పోవాలి, అందుకని వెన్న వాఫిల్ కాస్త మెత్తగా ఉంటుంది. సువాసనకి వెన్నకి సాటి లేదు, ఒప్పుకుంటాను. నేను మూడు వంతులు నూనె, ఒక వంతు కరిగించిన నెయ్యి వేస్తాను. వాసన లేని నూనె తీసుకోండి, సన్‌ఫ్లవర్ లాంటిది. వేరుశనగ నూనె వేస్తే వాఫిల్ పకోడీ వాసనొస్తుంది. బజారు వెన్న ఉప్పుదైతే పిండిలో ఉప్పు తగ్గించండి.

రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున్నే వేసేయొచ్చు కదా?

సోడా, బేకింగ్ పౌడర్ పిండి రాత్రంతా ఉంటే పొంగు చచ్చిపోతుంది. పొడివి ఒక డబ్బాలో, తడివి ఒక సీసాలో రాత్రే సిద్ధం చేసుకుని పొద్దున్న కలపండి, రెండు నిమిషాల పని. నిజంగా రాత్రే కలపాలనుంటే ఈస్ట్ వాడండి. కప్పు మైదాకి అర టీస్పూన్ ఈస్ట్, గోరువెచ్చని పాలు, నూనె, ఉప్పు, చిటికెడు పంచదార కలిపి, గుడ్డు పొద్దున్న వేసుకోవచ్చు. బ్రసెల్స్ వాళ్ల వాఫిల్‌కీ ఈస్టే వాడతారు. మన ఎండాకాలంలో మాత్రం బయట పెడితే తెల్లారేసరికి పిండి గిన్నె దాటి గట్టు మీదికొచ్చి బీరు వాసన కొడుతుంది, కలిపిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

బజార్లో దొరికే ప్రీమిక్స్ ఎలా ఉంటుంది?

పనికొస్తుంది, తీపి ఎక్కువ. నూనె ఒక స్పూన్ ఎక్కువ వేయండి.

## కాల్చేటప్పుడు

ఎంత పిండి పోయాలి? ప్రతిసారీ పొంగి పక్కలకి కారిపోతోంది.

కింది ప్లేటులో గళ్ల గుబ్బలు పైకి కొద్దిగా కనపడేంత పోయండి, అంటే ముప్పావు వంతు. నడిమధ్యలో పోసి, మూత వేస్తే అదే అంచులకి పాకుతుంది. మొదటిసారి ఒక గరిటెతో కొలిచి పోయండి, వాఫిల్ అంచులు నిండకపోతే రెండోసారి ఇంకో రెండు స్పూన్లు పెంచండి, మీ మెషిన్ లెక్క రెండు వాయిల్లో తెలిసిపోతుంది. కారిపోయినా కంగారుపడి మూత ఎత్తకండి. కింద పాత న్యూస్‌పేపర్ పరచకండి, అంటుకునే ప్రమాదం, స్టీలు పళ్లెం పెట్టండి.

ఎన్ని నిమిషాలు ఉంచాలి? అయిందని ఎలా తెలుస్తుంది?

గడియారం కాదు, ఆవిరి చూడండి. పిండి పోయగానే పక్కల నుంచి కుక్కర్‌లా ఆవిరి వస్తుంది, అది దాదాపు ఆగిపోయిందంటే లోపలి నీరు పోయిందని లెక్క. పలచ వాఫిల్‌కి నాలుగు నిమిషాలు, మందం దానికి ఐదు నుంచి ఏడు పట్టొచ్చు. మొదటి మూడు నిమిషాల్లో మూత ఎత్తితే పైభాగం పై ప్లేటుకి, కిందిది కింద ప్లేటుకి పట్టుకుని వాఫిల్ రెండు పొరలుగా చీలుతుంది. మెల్లగా ఎత్తి చూసినప్పుడు మూత బరువుగా, పట్టి లాగినట్టు అనిపిస్తే వదిలేసి ఇంకో నిమిషం ఆగండి. అయిన వాఫిల్ తనంతట తానే వదులుతుంది. బయట దుకాణాల్లో చూస్తే మనం అనుకునేదానికన్నా ముదురు రంగు దాకా కాలుస్తారు, మనం బంగారు రంగు రాగానే తీసేస్తాం, కరకర అక్కడే పోతుంది.

నాన్‌స్టిక్ అన్నారు, అయినా అంటుకుపోతోంది. ఏం చేయాలి?

కారణాలు నాలుగైదు ఉంటాయి, మీది ఏదో చూసుకోండి. ప్లేటు చాలినంత కాలలేదు, తొందరగా తెరిచారు, పిండిలో నూనె తగ్గించారు, పంచదారో బెల్లమో ఎక్కువైంది, లేదా పాత నూనె జిడ్డు పేరుకుంది. ఆరోగ్యం పేరుతో నూనె తగ్గించడమే ఎక్కువమంది చేసే పొరపాటు, నూనె లేని వాఫిల్ ఊడి రాదు. బ్రష్‌తో ప్రతి రెండు వాయిలకోసారి నూనె రాయండి, గళ్ల పక్క గోడలకి కూడా. డబ్బాలో వచ్చే స్ప్రే నూనెలో లెసిథిన్ ఉంటే అది కాలి బంకలా పేరుకుంటుంది, వాడకండి. అంటుకున్నదాన్ని చాకుతో గీకొద్దు, చెక్క పుల్లతో తీయండి.

అంటుకోవడంలో రికార్డు మాత్రం అమెరికాలో ఒరెగాన్ పరుగుల కోచ్ బిల్ బవర్‌మన్‌దే. 1970ల మొదట్లో బూట్ల అడుగుకి పట్టు ఇచ్చే గళ్లు కావాలని భార్య వాఫిల్ ఐరన్‌లో (వాఫిల్ మేకరే) రబ్బరులా గట్టిపడే యూరథేన్ అనే రసాయనం పోశాడు, రెండు ప్లేట్లూ అతుక్కుని ఇక తెరుచుకోలేదు. తర్వాత ఆ ఆలోచనే నైకీ బూట్లకి వాఫిల్ సోల్ అయింది. ఆవిడ మర్నాడు టిఫిన్‌కి ఏం చేసిందో పాపం.

మెషిన్‌లోంచి తీసినప్పుడు కరకరలాడుతోంది, టేబుల్ మీదికి వచ్చేసరికి మెత్తబడిపోతోంది!

ప్లేటులో పెట్టారు కదా, అదే తప్పు. వేడి వాఫిల్ ఇంకా ఆవిరి వదులుతూనే ఉంటుంది, కింద పళ్లెం ఉంటే ఆ ఆవిరి నీరై మళ్లీ వాఫిల్‌కే పడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినా, హాట్‌ప్యాక్‌లో పెట్టి మూత వేసినా అంతే, పూరీలకి జరిగేదే దీనికీ జరుగుతుంది. జాలీ స్టాండు మీద, అది లేకపోతే గిన్నె మీద బోర్లించిన జల్లెడ మీద విడివిడిగా పెట్టండి. పదిమందికి చేయాల్సి వస్తే ఓవెన్‌ని 100 డిగ్రీల దగ్గర ఉంచి దాని జాలీ మీద పెడుతూ పోండి, అరగంట దాకా బాగుంటాయి. పాకం, ఐస్‌క్రీమ్ తినే నిమిషంలోనే వేయాలి.

చాక్లెట్ చిప్స్, అరటిపండు పిండిలోనే కలిపేస్తే?

చిప్స్ కరిగి ప్లేటుకి మాడి అంటుకుంటాయి, కడగలేక ఏడుస్తారు. పైన చల్లుకోండి, వేడికి అవే కరుగుతాయి. అరటిపండు గుజ్జు తడి, తీపి రెండూ పెంచుతుంది. సగం పండు దాకా ఫర్వాలేదు, పంచదార మానేయండి.

## మన పిండి, మన పాకం

ఇడ్లీ పిండి మిగిలింది, దాంతో వాఫిల్ వేస్తే వస్తుందా?

రావడమే కాదు, నన్నడిగితే ఈ మెషిన్ మన ఇళ్లలో మూలన పడకుండా ఉండాలంటే ఇదే దారి. దిబ్బరొట్టె తిన్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది: పైన ఎర్రగా పెచ్చు, లోపల ఇడ్లీ మెత్తన. దిబ్బరొట్టెకి సన్నటి సెగ మీద మూత పెట్టి చాలాసేపు కాపలా కాయాలి, ఇక్కడ ఏడెనిమిది నిమిషాలు, పైగా పెచ్చు రెండు వైపులా, గళ్ల నిండా.

పద్ధతి ఇది. పిండి ఇడ్లీకి ఉన్నంత చిక్కగానే ఉండాలి, నీళ్లు పోయకండి. కప్పు పిండికి ఒక టేబుల్ స్పూన్ నూనె కలపండి, లేకపోతే మినప్పిండి జిగురుకి ప్లేటుని పట్టేసుకుంటుంది. జీలకర్ర, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు వేసుకోవచ్చు. ఉల్లిపాయ నీరు వదులుతుంది కాబట్టి కొంచెమే. ప్లేట్లకి నూనె ధారాళంగా రాసి, పోసి, ఆవిరి ఆగేదాకా మూత ముట్టుకోకండి. బాగా పులిసిన పిండి కన్నా ముందురోజు రుబ్బింది ఎర్రగా కాలుతుంది, మరీ పులిస్తే తెల్లగా, పాలిపోయినట్టు ఉంటుంది, అప్పుడు పావు స్పూన్ పంచదార కలపండి. అల్లం పచ్చడితో తినండి, గళ్లలో పచ్చడి నిలబడుతుంది, ఆ సుఖం దోసెలో లేదు. దోసె పిండి పలచన కాబట్టి రెండు స్పూన్ల బొంబాయి రవ్వ కలిపి పావుగంట ఆగి వేయండి.

పెసరట్టు పిండితో?

వస్తుంది, కానీ పెసరపిండికి పట్టు తక్కువ, తెరవగానే రెండుగా విడిపోతుంది. కప్పుకి రెండు టేబుల్ స్పూన్ల బియ్యప్పిండి కలిపి గట్టిగా ఉంచితే నిలుస్తుంది. లోపల ఉప్మా పెట్టాలని మా ఆయన ప్రయోగం చేశారు, ఆ రోజు టిఫిన్ బయట తిన్నాం.

మేపుల్ సిరప్ ఖరీదెక్కువ, బదులు ఏం పోసుకోవచ్చు?

బెల్లం పాకం. అర కప్పు బెల్లం తురుము, పావు కప్పు నీళ్లు, కరిగాక వడకట్టి, తేనెలా అయ్యేదాకా మరిగించి దించేయండి. తీగపాకం రానివ్వకండి, చల్లారాక గడ్డ కడుతుంది. చిటికెడు ఉప్పు, కాస్త వెన్న వేస్తే ఇంకా బాగుంటుంది. తాటిబెల్లం దొరికితే దానితో చేయండి, ఆ కాల్చిన వాసన వాఫిల్‌కి భలే నప్పుతుంది. మామిడిపళ్ల రోజుల్లో పాకమే అక్కర్లేదు, రసం పిండుకుని గళ్లలో పోసుకోవడమే.

## తిన్నాక

ఫిక్స్‌డ్ ప్లేట్లు కడగడం ఎలా? ట్యాప్ కింద పెట్టొచ్చా?

ట్యాప్ కింద పెట్టారంటే లోపలి వైరింగ్ తడిసి షాక్ కొడుతుంది. ప్లగ్గు తీసి, గోరువెచ్చగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్‌తో తునకలు దులిపి, పొడిగుడ్డతో తుడిచేయండి, రోజువారీకి అంతే. ఏదైనా అంటుకుని ఉంటే, బాగా పిండిన తడిగుడ్డని గోరువెచ్చటి ప్లేట్ల మధ్య పెట్టి ఐదు నిమిషాలు మూయండి, మెత్తబడి వచ్చేస్తుంది. స్టీలు పీచు, సబ్బు పొడి తగలనివ్వకండి. పనమ్మాయికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, పీచు పెట్టి తళతళలాడేలా తోమి పెట్టిందంటే తప్పు తనది కాదు. పూర్తిగా చల్లారాకే మూత వేసి దాచండి.

ఎక్కువ చేసేశాను, మిగిలినవి పిల్లల టిఫిన్ బాక్సుకి ఎన్నాళ్లు దాచొచ్చు?

పూర్తిగా చల్లార్చి, మధ్యలో బటర్ పేపర్ పెట్టి జిప్ కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెడితే నెల దాకా బాగుంటాయి. ఫ్రిజ్‌లో అయితే రెండు మూడు రోజులు. తిరిగి వేడి చేయడానికి మైక్రోవేవ్ వద్దు, తోలులా సాగుతాయి. పాప్ అప్ టోస్టర్‌లో ఒకసారి, లేదా అదే వాఫిల్ మేకర్‌లో పిండి లేకుండా ఒకటిన్నర నిమిషం. బాక్సులో పెట్టేముందు ఐదు నిమిషాలు జాలీ మీద ఆరనిచ్చి, పాకం చిన్న డబ్బీలో విడిగా ఇవ్వండి, ఆ డబ్బీ మూత గట్టిదా కాదా చూసుకోండి, లేకపోతే సాయంత్రానికి లెక్కల పుస్తకం బెల్లం వాసనతో ఇంటికొస్తుంది.